పసుపు టవల్‌తో స్టవ్ తుడిచాను, ఇంటాయన మాట్లాడటం మానేశాడు (పిట్స్‌బర్గ్)

కొత్తపేట_కుర్రోడు
పిట్స్‌బర్గ్ వచ్చి ఆరు వారాలైంది. మన్‌హాల్‌లో ఒక పెద్దాయన ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నా, వంటిల్లు ఉమ్మడి. మొన్న బుధవారం సాంబారు పొంగి స్టవ్ అంతా పారింది. చేతికందిన గుడ్డతో తుడిచేశా. కుర్చీ మీద వేలాడుతున్న పసుపు టవల్ అది. బాగా పాతది, అంచులు పోగులు లేచిపోయాయి, మీద ఏవో నల్లక్షరాలు. మసిగుడ్డే అనుకున్నా. ఆయన వచ్చి చూశాడు. అరిచినా బాగుండేది. నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, మడత పెట్టుకుని, గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. నాలుగు రోజులైంది, గుడ్ మార్నింగ్ కూడా లేదు. పక్కింటావిడకి చెబితే గుండె మీద చెయ్యేసుకుంది. ఏదో స్టీలర్స్ టీముదట. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. టవల్‌కి ఇంత కథేంటి? ఇప్పుడు నేనేం చెయ్యాలి?

పెన్‌హిల్స్_ప్రసాదం
ముందు వేరే ఇల్లు చూసుకో.

ఓక్‌లాండ్_బ్యాచిలర్
సాంబారా! ఉత్త నీళ్లయితే ఆరిపోయేవి. పసుపు, చింతపండు, ఇంగువ... ఆ టవల్ ఇక జన్మలో మామూలు వాసన రాదు బ్రో.

నల్లపసుపు_92
పిల్లాణ్ణి భయపెట్టకండి. బాబూ, దాని పేరు టెరిబుల్ టవల్. ఇక్కడ రేడియోలో మైరన్ కోప్ అని వ్యాఖ్యాత ఉండేవాడు. రేకు డబ్బాలో గులకరాళ్లేసి ఊపినట్టుండేది ఆయన గొంతు. అయినా ముప్ఫై అయిదు సీజన్లు ఊరంతా ఆయన మాటే విన్నది. 1975 డిసెంబర్‌లో ప్లేఆఫ్స్ (సీజన్ చివర్లో ఓడితే ఇంటికే అనే ఆటలు) ముందు, స్టేడియంలో జనం ఊపడానికి ఏదో ఒకటి కనిపెట్టమని స్టేషన్ వాళ్లు ఆయన మీద పడ్డారు. ప్రతి ఇంట్లోనూ ఉండేది టవలే కదా, పసుపుదో నల్లదో తెచ్చుకోండి అన్నాడు. అలా మొదలైంది.

అసలు సంగతి చాలామందికి తెలీదు. 1996లో ఆ టవల్ మీద హక్కులన్నీ అలెగెనీ వ్యాలీ స్కూల్‌కి రాసిచ్చేశాడాయన. మానసిక ఎదుగుదల లోపాలున్నవాళ్లని చూసుకునే సంస్థ అది. ఆయన కొడుకు అక్కడే ఉండేవాడు. అప్పట్నుంచి టవల్ హక్కుల మీద వచ్చే డబ్బు ఆ స్కూల్‌కే పోతోంది.

ఇక తుడవడం సంగతి. 2005లో సిన్సినాటి ఆటగాడు హుష్మంజాదే గెలిచిన ఊపులో ఆ టవల్‌తో బూట్లు తుడుచుకున్నాడు. జనవరిలో ప్లేఆఫ్స్‌కి స్టీలర్స్ వాళ్ల ఊరికే వెళ్లి వాళ్లని ఓడించి, ఆ సీజన్ సూపర్ బౌల్ (మొత్తం లీగ్‌కి ఫైనల్) కూడా ఎగరేసుకుపోయారు. 2008లో టెన్నెసీ వాళ్లిద్దరు టవల్‌ని తొక్కారు. ప్లేఆఫ్స్‌లో మొదటి ఆటకే ఇంటికి పోయారు, తర్వాతి సీజన్‌లో వరసగా మొదటి ఆరు ఆటలూ ఓడారు. ఇప్పుడు నీ స్టవ్ సంగతి ఆలోచించుకో.

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
అంతా ఉత్తిదే. మా బ్రౌన్స్ ఏ టవల్‌నీ తొక్కలేదు. అయినా ఓడుతూనే ఉన్నాం.

సందేహాల_సుబ్బు
ఇది కాలితో ఆడే ఫుట్‌బాలా, చేత్తో పట్టుకు పరిగెత్తేదా?

పెన్‌హిల్స్_ప్రసాదం
చేత్తోదే సుబ్బూ. కాలితో ఆడేదాన్ని ఇక్కడ సాకర్ అంటారు. ఈ దేశానికొచ్చి పదేళ్లయిందన్నావు గదయ్యా!

కొత్తపేట_కుర్రోడు
థాంక్స్ నల్లపసుపు గారూ. చదువుతుంటే సిగ్గేసింది. ఇంకోటి, స్టీలర్స్ అని పేరు పెట్టుకున్నారు గానీ ఊళ్లో నాకు ఒక్క ఉక్కు కంపెనీ కనపడలేదు. ఎటు చూసినా హాస్పిటళ్లు, యూనివర్సిటీలు.

ఓక్‌లాండ్_బ్యాచిలర్
డౌన్‌టౌన్‌లో అన్నిటికన్నా ఎత్తైన బిల్డింగ్ చూశావా? పేరు యు.ఎస్. స్టీల్ టవర్. నెత్తి మీద రాత్రిపూట వెలిగే పెద్ద అక్షరాలు మాత్రం హాస్పిటల్ గ్రూపువి. ఈ ఊరి కథ మొత్తం అదే.

ఉక్కునగరం_పిల్ల
ఒక్క కంపెనీ కనపడలేదంటే తూర్పుగా వెళ్లలేదన్నమాట. బ్రాడక్‌లో ఎడ్గర్ థామ్సన్ మిల్లు ఇంకా నడుస్తోంది. ఉక్కు కోటీశ్వరుడు కార్నెగీ 1875లో పెట్టింది. మన్‌హాల్‌కి దగ్గరే.

నేను వైజాగ్ ఉక్కునగరంలో పుట్టి పెరిగా, నాన్న బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేసేవారు. ఇక్కడికొచ్చిన కొత్తలో స్టీలర్స్ హెల్మెట్ మీద బొమ్మ చూసి ఆగిపోయా. మూడు రంగుల చుక్కలుంటాయి కదా, అది టీము గుర్తు కాదు, ఉక్కు పరిశ్రమ గుర్తు. పసుపు బొగ్గుకి, నారింజ ఇనుప ఖనిజానికి, నీలం తుక్కు ఇనుముకి. 1962లో హెల్మెట్‌కి కుడివైపు మాత్రమే అంటించి చూశారు, ఎలా కనపడుతుందో అని. ఆ ఏడాది బాగా ఆడటంతో అలాగే ఉంచేశారు. ఇప్పటికీ ఎడమవైపు ఖాళీయే.

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
ఆ బొమ్మ పెట్టుకోమని సలహా ఇచ్చిందెవరో కూడా చెప్పమ్మా. రిపబ్లిక్ స్టీల్. ఏ ఊరు? క్లీవ్‌లాండ్. నెత్తిన మా గుర్తు పెట్టుకుని మా మీదకే వస్తారు.

నల్లపసుపు_92
అది నిజమే, ఒప్పుకోక తప్పదు.

ప్లేనో_పెద్దబాబు
మీ ఆరు ట్రోఫీల భజన ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్నా. మా డాలస్ కౌబాయ్స్‌కి అయిదున్నాయి. దేశం మొత్తానికి ఇష్టమైన టీము మాదే.

నల్లపసుపు_92
పెద్దబాబు గారూ, మీతో సూపర్ బౌల్‌లో మూడుసార్లు తలపడ్డాం. 21-17, 35-31, రెండుసార్లు మేమే. మీరు మూడోది గెలిచారు, 1995 సీజన్‌ది. దేశానికి ఇష్టమైన టీము మమ్మల్ని ఎందుకు ఓడించలేకపోయిందో మీరే చెప్పాలి.

అయినా ట్రోఫీల గురించి మాట్లాడను. ఓటముల గురించి చెబుతా, కుర్రాడికి ఇంటాయన అర్థం కావాలంటే అదే కావాలి. ఆర్ట్ రూనీ అని నార్త్ సైడ్‌లో సారాకొట్టు నడిపేవాడి కొడుకు. ఇల్లు కొట్టు పైనే. పెన్సిల్వేనియాలో ఆదివారం ఆటలు ఆడకూడదని చట్టం ఉండేది. 1933లో అది సడలుతుందని తెలిసి 2,500 డాలర్లు కట్టి టీము పెట్టాడు. మొదట్లో పేరు పైరేట్స్, ఊళ్లో బేస్‌బాల్ టీము పేరే. 1940లో స్టీలర్స్ అయ్యింది. ఇక అక్కణ్ణుంచి ఓటములే. యుద్ధంలో ఆటగాళ్లు కరువై 1943లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌తో కలిసి ఆడారు, జనం స్టీగల్స్ అన్నారు. 1944లో షికాగో కార్డినల్స్‌తో కలిశారు. పది ఆటలు, పదీ ఓటమే. కార్డ్-పిట్ అని పేరు, జనం నోట్లో కార్పెట్ అయిపోయింది, ప్రతివాడూ తొక్కుకుంటూ పోతున్నాడని.

1955లో జానీ యునైటస్ అనే క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాడు) తీసుకున్నారు. ఈ ఊరివాడే. ఒక్క ఆట కూడా ఆడించకుండా పంపేశారు. అతను బాల్టిమోర్ వెళ్లి ఛాంపియన్ అయ్యాడు. 1983లో డాన్ మరీనో, అతనూ ఈ ఊరివాడే, ఎదురుగా ఉన్నా తీసుకోలేదు. నేమత్, మోంటానా, జిమ్ కెల్లీ లాంటి పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లు కూడా ఈ చుట్టుపక్కల మిల్లుల, గనుల ఊళ్లలో పెరిగినవాళ్లే. అందరూ వేరే ఊళ్లలో పేరు తెచ్చుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అచ్చం అలాగే.

సందేహాల_సుబ్బు
మరి ఎప్పుడు గెలవడం మొదలెట్టారు?

నల్లపసుపు_92
1969లో చక్ నోల్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాది మొదటి ఆట గెలిచి తర్వాత పదమూడూ ఓడారు. ఇంకో ఊరైతే వచ్చిన బస్సులోనే వెనక్కి పంపేది. రూనీలు ఉంచుకున్నారు. 23 సీజన్లు ఉన్నాడు, నాలుగు సూపర్ బౌల్స్ గెలిచాడు. 1969 నుంచి 2024 సీజన్ దాకా ఈ టీముకి ముగ్గురే కోచ్‌లు: నోల్, కౌవర్, టామ్లిన్.

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
ముగ్గురా! మాకు సంక్రాంతికొకడు మారతాడు.

ఉక్కునగరం_పిల్ల
నోల్ ఒక్కడి గొప్ప కాదు. బిల్ నన్ పేరు ఎవరూ ఎత్తలేదేం? పిట్స్‌బర్గ్ కూరియర్ అని నల్లవాళ్ల పత్రిక, అందులో ఆటల విలేకరి. దక్షిణాది నల్లజాతి కాలేజీల్లో ఎవరెలా ఆడుతున్నారో ఆయనకి కొట్టినపిండి. మిగతా టీములు ఆ కాలేజీల వైపు సరిగ్గా చూసేవే కావు. ఆయన్ని స్కౌట్‌గా పెట్టుకున్నాక మెల్ బ్లౌంట్, స్టాల్‌వర్త్, డానీ షెల్ లాంటివాళ్లు వచ్చారు. 1974 ఒక్క డ్రాఫ్ట్‌లోనే (కాలేజీ ఆటగాళ్లని టీములు వంతులవారీగా ఎంచుకోవడం) నలుగురు హాల్ ఆఫ్ ఫేమ్ ఆటగాళ్లు దొరికారు, ఆటలో అతిపెద్ద గౌరవం అది. నన్‌కి అదే గౌరవం 2021లో గానీ దక్కలేదు, అప్పటికి ఆయన లేరు.

నల్లపసుపు_92
మంచి పని చేశావమ్మా. నేనే మర్చిపోయా.

పెన్‌హిల్స్_ప్రసాదం
ఫ్రాంకో హారిస్ సంగతి చెప్పకుండా ఇంతదూరం వచ్చేశారు. నేనీ ఊళ్లో దిగిన రోజు ఎయిర్‌పోర్టులో రెండు బొమ్మలు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. ఒకటి జార్జి వాషింగ్టన్. రెండోది ఎవరో ఒంగి నేల మీద దేన్నో అందుకుంటున్నట్టుంది. జాతిపిత పక్కన ఈయనెవరా, చిల్లర ఏరుకుంటున్నాడేంటా అనుకున్నా.

ఓక్‌లాండ్_బ్యాచిలర్
చిల్లర 😂 ఈ మాట బయట అనకు.

పెన్‌హిల్స్_ప్రసాదం
తర్వాత తెలిసింది. 1972 డిసెంబర్ 23, ఓక్‌లండ్ రైడర్స్‌తో ప్లేఆఫ్. 7-6తో వెనకబడ్డారు, 22 సెకన్లు మిగిలాయి, ఆఖరి అవకాశం. స్టీలర్స్ క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్‌షా బంతి విసిరాడు. అది స్టీలర్స్ ఫుక్వా, రైడర్స్ టేటమ్ ఇద్దరూ గుద్దుకున్నచోట ఎవరికో తగిలి ఎగిరి వెనక్కొచ్చింది. నేలని తాకే క్షణంలో ఫ్రాంకో బూటు ముందు పట్టుకుని గీత దాకా పరిగెత్తాడు. 13-7. నలభై ఏళ్లలో టీముకి మొదటి ప్లేఆఫ్ గెలుపు. ఓనర్ ఆర్ట్ రూనీ ఆట పోయిందనుకుని ఆటగాళ్లని ఓదార్చడానికి లిఫ్ట్ ఎక్కాడు, పాపం చూడనేలేదు. ఊళ్లో జనమూ చూడలేదు, సొంతూరి ఆట సొంతూళ్లో టీవీలో వెయ్యని రోజులవి.

ప్లేనో_పెద్దబాబు
అది చెల్లని క్యాచ్. అప్పటి రూలు ప్రకారం ఒకే టీములో ఇద్దరు వరసగా బంతి తాకకూడదు. ఫుక్వాకి తగిలితే చెల్లదు.

నల్లపసుపు_92
టేటమ్‌కి తగిలింది.

ప్లేనో_పెద్దబాబు
మీరు చూశారా?

నల్లపసుపు_92
1972లో నేను బాపట్లలో అయిదో తరగతి. కానీ టేటమ్‌కే తగిలింది.

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
ఇక్కడ డెబ్భై దాటిన ప్రతి ముసలాయనా ఆ రోజు స్టేడియంలోనే ఉన్నానంటాడు. సీట్లు యాభై వేలు, సాక్షులు అయిదు లక్షలు.

పెన్‌హిల్స్_ప్రసాదం
త్రీ రివర్స్ స్టేడియాన్ని 2001లో పేల్చి కూల్చేశారు. ఫ్రాంకో బంతి అందుకున్న చోట మాత్రం కాలిబాట మీద గుర్తు పెట్టారు. పోయినేడు మా మావగారిని తీసుకెళ్లి చూపిస్తే, ఇదేం శ్రీపాదమా అన్నారు. ఫ్రాంకో 2022 డిసెంబర్‌లో చనిపోయాడు, ఆ క్యాచ్‌కి యాభై ఏళ్లు నిండటానికి రెండు మూడు రోజుల ముందు. అతని 32 నంబరుకి వీడ్కోలు పలకాలని అంతకుముందే అనుకున్న ఆట ఆ వారమే, అదీ రైడర్స్‌తోనే. జనం గడ్డకట్టే చలిలో ఏడుస్తూ కూర్చున్నారు. 13-10తో గెలిచారు.

కొత్తపేట_కుర్రోడు
ఇంటాయన గదిలో 32 నంబరు జెర్సీ గోడకి ఉంది, తలుపు సందులోంచి కనపడుతుంది. ఆయన హోమ్‌స్టెడ్ మిల్లులో చేశాడని పక్కింటావిడ చెప్పింది. ఆ హోమ్‌స్టెడ్ అంటే మేం సినిమాకెళ్లే మాల్ కదా?

ఉక్కునగరం_పిల్ల
అదే. ఈసారి వెళ్లినప్పుడు పార్కింగ్ పక్కన వరసగా నిలబడ్డ పొడవాటి ఇటుక పొగగొట్టాలు పన్నెండున్నాయి, లెక్కపెట్టు. మిల్లులో మిగిలింది దాదాపు అంతే. 1892లో సమ్మెలో ఉన్న కార్మికులకీ కంపెనీ దింపిన పింకర్టన్ ప్రైవేటు కాపలా మనుషులకీ కాల్పులు జరిగింది అక్కడే. 1986లో మూసేశారు. ఏటికి అవతల క్యారీ ఫర్నేసులున్నాయి, ఇప్పుడు టికెట్ కొని చూడొచ్చు. అక్కడ కరిగిన ఇనుము రైలు వంతెన మీద హోమ్‌స్టెడ్‌కి వెళ్లేది.

క్యారీ అని ఆడపేరు పెట్టారని గైడ్ చెబుతుంటే నాకు మా ప్లాంటే గుర్తొచ్చింది. మాకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నాన్న షిఫ్ట్ దిగి వచ్చి "ఇవాళ గోదావరి మారాం చేసింది" అనేవారు, ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉన్నట్టు. క్యారీ దగ్గర తుప్పు పట్టిన మెట్లు చూసి వీడియో కాల్ చేశా. చాలాసేపు చూసి, చల్లారిన ఫర్నేస్ నాకు చూపించకమ్మా అని పెట్టేశారు. ప్రైవేటీకరణ గొడవ నడుస్తున్న రోజులవి.

ఓక్‌లాండ్_బ్యాచిలర్
😔

నల్లపసుపు_92
ఇదే నేను చెప్పాలనుకున్నది. 1974 నుంచి 1979 దాకా ఆరు సీజన్లలో నాలుగు సూపర్ బౌల్స్. సరిగ్గా అప్పుడే మిల్లులు మూతపడటం మొదలైంది. 80ల్లో జనం ట్రక్కులకి సామాన్లెత్తుకుని టెక్సస్, ఫ్లోరిడా పోయారు. ఊరి జనాభా 1950లో 6.76 లక్షలు, 2020లో 3.03 లక్షలు. పోయినవాళ్లు మిల్లుని తీసుకెళ్లలేరు, టవల్ తీసుకెళ్లారు. అందుకే ఏ ఊరెళ్లినా ఒక స్టీలర్స్ బార్ ఉంటుంది, ఎదుటి టీము స్టేడియం సగం పసుపుగా ఉంటుంది.

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
కథ బాగుంది గానీ ఒక మెలిక ఉంది. మిల్లులు మాకూ పోయాయి, జనం మా ఊరూ వదిలారు. ట్రోఫీలు మాత్రం రాలేదు. మరి మా స్టేడియం ఎందుకు నిండుతోంది? గెలుపు వల్ల అంటే మాకు వర్తించదు, ఉక్కు వల్ల అంటే డాలస్‌కి వర్తించదు. నన్నడిగితే టీము ఊళ్లో ఉండటమే ముఖ్యం. 1995లో మా ఓనర్ టీముని బాల్టిమోర్‌కి తరలిస్తానన్నాడు. ఉన్నదంతా పోయిన ఊళ్లో అదీ పోయింది. మూడేళ్లు ఆదివారాలు శ్మశానంలా ఉండేవని మా కాలనీ వాళ్లు ఇప్పటికీ చెబుతారు. చచ్చినా మీ టీముకి జై కొట్టను గానీ ఒక్క మాట. ఆ తరలింపుకి వ్యతిరేకంగా ఓటేసింది మొత్తం రెండు టీములు: బఫెలో, పిట్స్‌బర్గ్.

నల్లపసుపు_92
డాన్ రూనీ. ఆర్ట్ రూనీ పెద్దకొడుకు. మీరు లేకపోతే మాకు తిట్టుకోవడానికి ఎవరున్నారు కిట్టయ్యా?

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
1999లో మేం తిరిగొచ్చిన మొదటి ఆటలోనే 43-0తో కొట్టారు. అదీ గుర్తుంది.

రాత్రి_డ్యూటీ
ఇంత మురిపెంలో ఎవరూ అనని సంగతి ఒకటుంది. మైక్ వెబ్‌స్టర్, ఆ 1974 నలుగురిలో ఒకడు. 17 సీజన్లు తలతో గుద్దుతూ ఆడాడు. చివరికి మతి చెదిరి, ఇల్లు లేక పికప్ ట్రక్కులో పడుకుని, 2002లో యాభయ్యో ఏట పోయాడు. శవపరీక్ష ఈ ఊళ్లోనే. బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా డాక్టరు మెదడు పలకల్ని సూక్ష్మదర్శినిలో చూసి, తల మీద పదే పదే పడ్డ దెబ్బల వల్ల వచ్చిన జబ్బని తేల్చాడు. 2005లో పేపర్ వస్తే లీగ్ తరఫు డాక్టర్లు దాన్ని వెనక్కి తీసుకోమన్నారు. నేను న్యూరాలజీలో పనిచేస్తా. ఆట చూస్తా, కాదనను. మా అబ్బాయిని మాత్రం హైస్కూల్ టీములో చేరనివ్వలేదు. ఏడాది నాతో సరిగ్గా మాట్లాడలేదు.

పెన్‌హిల్స్_ప్రసాదం
మా ఇంట్లోనూ అదే గొడవ డాక్టరు గారూ. మేం చివరికి టెన్నిస్ అని సర్దుకున్నాం.

ప్లేనో_పెద్దబాబు
టెక్సస్‌లో టెన్నిస్ అంటే ఊరుకోరు. మావాడు ఆడుతున్నాడు. మీ పోస్ట్ మా ఆవిడకి చూపించను, నేను మాత్రం రెండుసార్లు చదివా.

సందేహాల_సుబ్బు
ఉక్కు పోయాక ఊరు ఎలా నిలబడింది మరి?

ఓక్‌లాండ్_బ్యాచిలర్
చదువులు, హాస్పిటళ్లు. మిల్లులు మూతపడే రోజుల్లోనే, 1979లో, మా కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. మొదటి డైరెక్టర్ మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరు ఆయన, రాజ్ రెడ్డి. 1994లో కంప్యూటర్ రంగంలో అతిపెద్దదైన ట్యూరింగ్ అవార్డు కూడా వచ్చింది. స్టీలర్స్ ప్రాక్టీస్ చేసుకునే మైదానం సంగతి తెలుసా? సౌత్ సైడ్‌లో పాత జోన్స్ అండ్ లాక్లిన్ మిల్లు స్థలం. మిల్లున్న చోట గడ్డి వేశారు.

ఉక్కునగరం_పిల్ల
రోబోలు వచ్చాయి సరే, మిల్లు మనుషులకి ఆ ఉద్యోగాలు రాలేదుగా. బ్రాడక్ వీధుల్లో ఒకసారి నడిచి చూడు.

ఓక్‌లాండ్_బ్యాచిలర్
నిజమే. నేను బ్రాడక్ బస్సులోంచే చూశా.

పెన్‌హిల్స్_ప్రసాదం
ఇవన్నీ సరే, కుర్రాడి సమస్య తేలలేదు. బాబూ, ఏమైంది? ఆదివారం ఆట కూడా అయిపోయింది.

కొత్తపేట_కుర్రోడు
సారీ, ఇప్పుడే చూస్తున్నా. శనివారం మాల్‌కి వెళ్లి కొత్త టవల్ కొన్నా. ఆ పొగగొట్టాలు కూడా లెక్కపెట్టా, పన్నెండే. ఆదివారం పొద్దున తలుపు కొట్టి, టవల్ ఇచ్చి సారీ చెప్పా. తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచుకో, నీకూ ఒకటి ఉండాలి" అన్నాడు. లోపలికి రమ్మన్నాడు. పాతది కుర్చీ మీద ఆరేసి ఉంది. మూడుసార్లు ఉతికాడట. సాంబారు మరక పసుపులో కలిసిపోయింది గానీ ఇంగువ వాసన పోలేదు. అది ఆయన భార్యదట. 1979 సీజన్‌లో కొన్నది, ఆవిడ పోయి ఆరేళ్లయిందట. నాకు నోట మాట రాలేదు.

సరే, కూర్చుని ఆట చూశాం. మూడో క్వార్టర్ దాకా ఓడిపోతున్నారు. ఆయన లేచాడు. పాత టవల్ తెచ్చి నా చేతిలో పెట్టి వంటింటి వైపు చూపించాడు. అర్థం కాలేదు. "స్టవ్" అన్నాడు. వద్దండీ అన్నా. వినలేదు. వెళ్లి తుడిచా, పొడి గుడ్డతో, ఊరికే పైపైన. నేను వచ్చి కూర్చునేలోపు టచ్‌డౌన్. గెలిచారు.

ఇప్పుడు ప్రతి ఆదివారం మూడో క్వార్టర్‌లో నేను స్టవ్ తుడవాలట. వచ్చేవారం సాంబారు కూడా పెట్టమంటున్నాడు.

క్లీవ్‌లాండ్_కిట్టయ్య
మా ఊళ్లో ఓ గది ఖాళీగా ఉంది. అద్దె వద్దు. వచ్చెయ్.